బ్రౌజర్ కంటే ముందు సిస్టం

అందరికీ నమస్కారం.

విండోస్ వాడినవాళ్ల వేళ్లకు ఒక అలవాటు పట్టేసి ఉంటుంది. బ్రౌజర్ కావాలంటే దాని సైటుకు వెళ్లడం, డౌన్‌లోడ్ నొక్కడం, వచ్చిన ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేయడం, ఆ తర్వాత "నెక్స్ట్, నెక్స్ట్" అనుకుంటూ పోవడం. హైకూ లాంటి చిన్న ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం ఎక్కించుకున్న మొదటి గంటలోనే చాలామంది ఇదే పని చేస్తారు. ఫైర్‌ఫాక్స్ సైటులో విండోస్‌కి ఫైలు ఉంటుంది, మ్యాక్‌కి ఉంటుంది, లినక్స్‌కి ఉంటుంది. హైకూ ఊసే ఉండదు. పోనీ లినక్స్ ఫైలు తెచ్చుకుందాం, రెండూ ఓపెన్ సోర్సే కదా అనుకుంటారు. అది నడవదు. ఎందుకు నడవలేదో కూడా సరిగా చెప్పదు.

కోడ్ అందరి ముందూ ఉండటం వేరు, దాన్నుంచి తయారైన ప్రోగ్రాం అన్నిచోట్లా నడవడం వేరు. హైకూ కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లోపలి భాగం, వేరు; ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే లైబ్రరీలూ వేరు. బీఓఎస్ అనే పాత సిస్టం మూతపడుతున్న రోజుల్లో, 2001లో, అలాంటిదే మళ్లీ మొదటి నుంచి రాయాలని కొందరు ఓపెన్‌బీఓఎస్ పేరుతో మొదలుపెట్టారు. 2004లో దానికే హైకూ అని పేరు మారింది. తొలి బీటా రావడానికి 2018 దాకా పట్టింది, అయిదో బీటా 2024 సెప్టెంబరులో వచ్చింది. ఇంత ఓపికగా రాసినవాళ్ల ముందు తలవంచాల్సిందే. కానీ లినక్స్‌కి కట్టిన ఫైలు అక్కడ ఎందుకు పనికిరాదో కూడా ఈ చరిత్రలోనే ఉంది.

కాబట్టి బ్రౌజర్ కోసం వెతకడం కాసేపు ఆపి, ముందు సిస్టంనే అడగండి. టెర్మినల్ తెరిచి యూనేమ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మైనస్ ఏ కలిపి ఎంటర్ నొక్కితే సిస్టం పేరు, వెర్షన్, ప్రాసెసర్ రకం చెబుతుంది. ఆ చివరి ముక్క ముఖ్యం. అది 32 బిట్ రకమైతే దారులు చాలావరకు మూసుకుపోయినట్టే. క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది. హైకూ 32 బిట్‌లో ఇంకో మెలిక ఉంది. పాత బీఓఎస్ ప్రోగ్రాములు నడవాలని దాని పునాదిని కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్లలో బాగా పాతదైన జీసీసీ 2తో కడతారు. నేటి ప్రోగ్రాములు దానితో కుదరవు గనక, వాటి ప్యాకేజీలు, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే మూటలు, పేరు చివర ఎక్స్86 అనే తోకతో విడిగా ఉంటాయి. ఆ తోక చూసుకోకుండా వెతికితే "ఇక్కడ ఏమీ లేదు" అనిపిస్తుంది.

రెండో ప్రశ్న: ఈ సిస్టం తన సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? ప్రతిదానికీ ఒక ప్యాకేజీ మేనేజర్ ఉంటుంది. డెబియన్ అనే లినక్స్‌లో ఆప్ట్; యూనిక్స్ తరహా సిస్టంలైన ఫ్రీబీఎస్‌డీలో పీకేజీ, ఓపెన్‌బీఎస్‌డీలో పీకేజీ యాడ్. హైకూలో బొమ్మలతో కావాలంటే హైకూడిపో, కమాండ్‌తో కావాలంటే పీకేజీమ్యాన్. నన్నడిగితే ఏ సిస్టంలోనైనా మొదట ఈ గుమ్మంలోంచే వెళ్లాలి. అక్కడ దొరకనప్పుడే పక్కదారి గురించి ఆలోచించాలి.

హైకూ ప్యాకేజీల పద్ధతి గురించి కొంచెం ఆగి చెబుతాను, నాకు చాలా ఇష్టమైన భాగం అది. మిగతా చోట్ల ఇన్‌స్టాల్ అంటే ప్యాకేజీని విప్పి, లోపలి ఫైళ్లను పది ఫోల్డర్లలోకి పంచడం. హైకూలో ఆ విప్పడమే లేదు. ప్యాకేజీ ఫైలును ప్యాకేజీల ఫోల్డర్లో పడేస్తే చాలు, సిస్టం దాన్ని అలాగే మౌంట్ చేసి, లోపలున్నవన్నీ తమతమ చోట్ల ఉన్నట్టు చూపిస్తుంది. ఆ ఫైలును బయటికి తీస్తే బ్రౌజర్ పోయినట్టే. పైగా పాత అమరికను గుర్తుపెట్టుకుంటుంది. కొత్త బ్రౌజర్ వేశాక ఏదో చెడిందనుకోండి, బూట్ మెనూలోకి వెళ్లి ముందటి స్థితిని ఎంచుకుని మొదలుపెట్టవచ్చు. కొత్తవాళ్లు ప్రయోగాలు చేయడానికి ఇంతకంటే భయం లేని చోటు తక్కువ.

ఇప్పుడు "కొత్త బ్రౌజర్" అన్నదాని సంగతికి వద్దాం. మనం చూసేది పైనున్న పేరు, దాని వెర్షన్ నంబరు. సైటు చూసుకునేది లోపల పేజీని గీసి చూపే ఇంజిన్‌ను. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి మూడే: ఫైర్‌ఫాక్స్‌లోని గెకో, సఫారీలోని వెబ్‌కిట్, క్రోమ్‌లోని బ్లింక్. బ్లింక్ 2013లో వెబ్‌కిట్ నుంచే విడిపోయింది. హైకూతో పాటు వచ్చే వెబ్‌పాజిటివ్ వెబ్‌కిట్ మీద నడుస్తుంది. తేలికగా ఉంటుంది, చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. బరువైన సైట్ల దగ్గర మాత్రం తడబడుతుంది. అప్పుడు జనం ఫాల్కన్ అనే ఇంకో బ్రౌజర్ వైపు చూస్తారు. ఫాల్కన్ ఇంజిన్ క్యూటీ లైబ్రరీలోంచి వస్తుంది. క్యూటీ 5.15లోని ఇంజిన్ తన చివరి రూపంలో కూడా, క్రోమ్‌కు మూలమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్ క్రోమియం 87 మీద ఆధారపడినదే. క్రోమియం 87 వచ్చింది 2020 నవంబరులో. భద్రతకు సంబంధించిన సవరణలు వెనక్కి తెచ్చి అతికిస్తారు, నిజమే. కానీ ఆ తర్వాత వచ్చిన జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ సౌకర్యాలు అందులో ఉండవు. ఆ క్యూటీ మీద కట్టిన ఫాల్కన్ ప్యాకేజీ తేదీ చూసి "నిన్ననే వచ్చింది, సరికొత్తది" అనుకుంటే మోసపోయినట్టే. నాలుగో బీటా నాటికి హైకూలో జీటీకే అనే లినక్స్ లైబ్రరీతో రాసిన ప్రోగ్రాములు నడవడం మొదలై, గ్నోమ్ వెబ్ అనే బ్రౌజర్ కూడా దొరికింది. అది కూడా వెబ్‌కిట్ మీదిదే, అయితే వెబ్‌పాజిటివ్ నడవని సైటు ఇందులో నడవవచ్చు. కాబట్టి బ్రౌజర్ పేరు ఒక్కటే చూడకండి. ఫాల్కన్ లాంటివాటిలో యూజర్ ఏజెంట్ వరుసలో, అంటే బ్రౌజర్ తన గురించి సైటుకు చెప్పుకునే వాక్యంలో, క్రోమ్ నంబరు చదవండి.

యూజర్ ఏజెంట్ అనగానే ఒక చిట్కా గుర్తొస్తుంది. "మీ బ్రౌజర్ పాతది" అని సైటు గేటు దగ్గరే ఆపేస్తే, ఆ వరుసను మార్చి క్రోమ్ అని చెప్పించవచ్చు. సైటు పేరు చూసి మాత్రమే ఆపుతుంటే ఇది పనిచేస్తుంది. ఇంజిన్‌లో నిజంగా ఆ సౌకర్యం లేకపోతే గేటు దాటాక తెల్ల పేజీ కనబడుతుంది, అంతే.

చిన్న సిస్టంలకు కొత్త బ్రౌజర్ రావడానికి ఇంత ఆలస్యం ఎందుకంటారా? ఒక సిస్టం నుంచి మరోదానికి మోసుకెళ్లాల్సిన ప్రోగ్రాముల్లో బ్రౌజర్‌ను మించిన బరువు దాదాపు లేదు. ఫైర్‌ఫాక్స్ 2017 నుంచి రస్ట్ భాష లేకుండా కట్టబడదు. రస్ట్‌కు ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ సామగ్రి కావాలి. అంటే ఒక చిన్న సిస్టం ఫైర్‌ఫాక్స్‌ను తెచ్చుకోవాలంటే ముందు ఆ రెండింటినీ తనలోకి తెచ్చుకోవాలి. ఆపైన తెర, ధ్వని, కెమెరా, ప్రాసెస్‌లను విడదీసే రక్షణ గోడలు, వీటన్నిటికీ ఆ సిస్టంకు తగ్గ కోడ్ రాయాలి. నాలుగు వారాలకొక ఫైర్‌ఫాక్స్ వెర్షన్ వస్తుంటే, గుప్పెడుమంది స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పరుగును అందుకోవాలి. విండోస్ ప్రోగ్రాములు నడపాలని రాస్తున్న రియాక్ట్‌ఓఎస్ సిస్టం ఇబ్బంది ఇంకో రకం. అది విండోస్ సర్వర్ 2003కి సరిపోలేలా తయారవుతోంది. ఆ కాలపు విండోస్‌లో నడిచే చివరి ఫైర్‌ఫాక్స్ శాఖ 52. అక్కడ కొత్తదనానికి పైకప్పు ఉంది.

ఒక్కోసారి ఇలా మోసుకెళ్లే (పోర్టింగ్) సమస్యే ఉండదు, సిస్టం కావాలనే నిదానంగా వెళ్తుంది. డెబియన్ స్టేబుల్ ఇచ్చేది ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్, అంటే ఎక్కువకాలం సవరణలు అందే శాఖ. నంబరు వెనకబడి ఉంటుంది గానీ భద్రతా సవరణలు క్రమంగా అందుతాయి. చాలామందికి అది చాలు. "నంబరు పెద్దది కావాలి" అన్నది అవసరం కాదు, ఆరాటం. నిజంగానే కావాలంటే 2024 జనవరి నుంచి ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన సొంత ఆప్ట్ రిపాజిటరీని, అంటే ప్యాకేజీల గిడ్డంగిని, డెబియన్ కుటుంబానికి ఇస్తోంది. దాని సంతకపు కీని సరిచూసుకుని చేర్చుకోండి. ఫ్రీబీఎస్‌డీలో ప్యాకేజీలు మామూలుగా మూడు నెలలకొకటి తీసే క్వార్టర్లీ శాఖ నుంచి వస్తాయి. సెట్టింగ్ ఫైల్లో ఆ మాట స్థానంలో లేటెస్ట్ అని పెడితే కొత్తవి దిగుతాయి. కానీ బ్రౌజర్ ఒక్కదాన్నే అక్కడి నుంచి, మిగతావి ఇక్కడి నుంచి అని కలగాపులగం చేయకండి. మారితే అన్నీ మారాలి.

పాత లినక్స్‌లో కొత్త ఫైల్ తెచ్చి నడిపితే జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ ఫలానా వెర్షన్ దొరకలేదని ఒక వాక్యం వస్తుంది. అది చూసి ఎక్కడి నుంచో జీలిబ్‌సీని తెచ్చి సిస్టం ఫోల్డర్లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. సిస్టంలో దాదాపు ప్రతి ప్రోగ్రాం దాని మీదే నిలబడి ఉంది. ఆ వాక్యానికి అర్థం ఒకటే: మీకు కావలసింది కొత్త బ్రౌజర్ కాదు, సిస్టం కొత్త విడుదల. హైకూలోనూ ఇదే వరస. పాత బీటా రిపాజిటరీ చిరునామా అలాగే ఉంచుకుని "కొత్తవి రావడం లేదు" అంటే ఎలా వస్తాయి?

ఇక సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే సర్టిఫికెట్ల గొడవ. పాత సిస్టంతో వచ్చిన బ్రౌజర్‌కు సురక్షిత సైట్లతో మాట్లాడే టీఎల్ఎస్ 1.2 పద్ధతి రాకపోతే డౌన్‌లోడ్ పేజీయే తెరుచుకోదు. సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన ఒక పాత రూట్ (మూల) సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది, ఆ రోజు ఎన్నో పాత యంత్రాలకు సగం సైట్లు మూగబోయాయి. కానీ వీటన్నిటికంటే ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతే ప్రతి సర్టిఫికెట్టూ తప్పుగానే కనబడుతుంది. తేదీ సరిచేశాక కూడా పేజీ తెరుచుకోకపోతే ప్యాకేజీ మేనేజర్‌తోనే ప్రయత్నించండి, లేదా ఇంకో కంప్యూటర్లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

ఓపెన్‌బీఎస్‌డీకి వచ్చినవాళ్లు తరచుగా చేసే ఫిర్యాదు వేరు. బ్రౌజర్ చక్కగా దిగుతుంది, ఫొటో అప్‌లోడ్ చేద్దామంటే ఫోల్డర్లే కనబడవు. బ్రౌజర్ చెడిపోయిందని తీసేసి మళ్లీ వేస్తారు, మళ్లీ అంతే. అక్కడ అన్‌వీల్ అనే ఏర్పాటు 2018 నుంచి ఉంది. ఒక ప్రోగ్రాంకు ఏ ఫోల్డర్లు కనబడాలో అది కట్టడి చేస్తుంది. క్రోమియం, ఫైర్‌ఫాక్స్ రెండింటినీ దాని కిందే ఉంచారు. మీ సొంత ఫైళ్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తప్ప బ్రౌజర్‌కు దాదాపు ఏదీ కనబడదు. హానికరమైన పేజీ ఏదైనా బ్రౌజర్‌ను లొంగదీసినా మీ ఇతర ఫైళ్ల జోలికి పోలేదన్నమాట. ఈటీసీ ఫోల్డర్లో ఆ జాబితాను సడలించవచ్చు. నేనైతే సడలించను. పంపాల్సిన ఫొటోను డౌన్‌లోడ్స్‌లోకి జరిపితే పని అయిపోతుంది.

కొత్త బ్రౌజర్ వేసేముందు మీ బుక్‌మార్కులు, సెట్టింగులు ఉండే పాత ప్రొఫైల్ ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్ 67 నుంచి, అంటే 2019 నుంచి, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవనంటుంది. వెనక్కి రావాలనుకున్నప్పుడు ఆ కాపీ లేకపోతే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు అవతలి ఒడ్డున ఉండిపోతాయి.

అంతా అయ్యాక తెలుగు సైటు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనబడవచ్చు. అది బ్రౌజర్ తప్పు కాదు, సిస్టంలో తెలుగు ఫాంట్ లేదు. నోటో గానీ లోహిత్ గానీ ప్యాకేజీ వేసి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవండి. లాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు యూనేమ్ కొట్టి ఏమొచ్చిందో చెప్పండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.