మొటిమ కూడా పుండే

శ్రోతలకు నమస్కారం.

బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకు ఒడియా మాటలు తెలియకుండానే నోట్లోకి వచ్చేస్తాయి. మొటిమను ఒడియాలో 'బ్రొణొ' అంటారు. మన 'వ్రణం' అన్న మాటే అది. మనకు వ్రణం అంటే పుండు. చిన్నప్పుడు మా పక్కింటి ఒడియా అక్క తన చెంప మీది మొటిమను చూపించి ఆ మాట అంటే, ఇంత చిన్నదాన్ని పుండు అంటుందేమిటని ఆశ్చర్యపోయాను. నాకు 33 ఏళ్ళ వయసులో గడ్డం మీద, దవడ పొడవునా మొటిమలు లేచాక అక్క మాటే సరైనదని తెలిసింది. మొటిమ పుండే. పుండు మీద నిమ్మకాయ పిండం, ఇటుకపొడితో రుద్దం. ముఖం మీద లేచేసరికి మాత్రం ఆ పనులన్నీ చేస్తాం. నేనూ చేశాను.

నేను డాక్టర్ని కాను, బడిలో పిల్లలకు పాఠాలు చెబుతాను. రెండేళ్ళు నేను పడ్డ బాధ, నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ ఓపికగా వివరించిన సంగతులు మీతో పంచుకుంటున్నాను.

మొటిమలు పడుచు వయసులో వస్తాయి, పెళ్ళయితే పోతాయి అని మనవాళ్ళ నమ్మకం. అందుకే ఏ పెళ్ళికి వెళ్ళినా, "ఈ వయసులో మొటిమలేమిటే, ముఖం సరిగా కడుక్కోవడం లేదా?" అని అడిగేవారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో పడినవాళ్ళకే తెలుసు. అసలు సంగతి ఏమిటంటే ముప్పైల్లో, నలభైల్లో ఉన్న ఆడవాళ్ళకు కూడా మొటిమలు వస్తాయి. నెలసరికి ముందు వారం గడ్డం దగ్గర ఎక్కువవుతాయి. హార్మోన్ల వల్ల చర్మం కింది నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేస్తాయి. వెంట్రుక మొదట్లో ఉండే రంధ్రం మూసుకుపోతుంది. లోపల చిక్కిన నూనెలో సూక్ష్మజీవులు పెరిగి వాపు వస్తుంది. ఇదంతా చర్మం లోపల జరిగేది. పైన మురికి ఉండటం వల్ల కాదు.

ఈ సంగతి అప్పుడు తెలియక రోజుకు ఐదుసార్లు సబ్బుతో ముఖం కడిగేదాన్ని. మా వైపు సముద్రపు గాలి, ఉక్కపోత మీకు తెలిసిందే. గోపాల్‌పూర్ నుంచి ఆ ఉప్పుగాలి తగిలితే చాలు, ముఖం జిడ్డోడుతుంది. కడిగిన పది నిమిషాలకే చర్మం బిగుసుకుపోయేది, గంటకల్లా మళ్ళీ జిడ్డు. అది చాలదని శనగపిండిలో నిమ్మరసం కలిపి పట్టు వేశాను. ఒకరు చెప్పారని వంటసోడా రాశాను, ఇంకొకరు చెప్పారని రాత్రిపూట మొటిమ మీద పళ్ళపేస్టు పెట్టుకుని పడుకున్నాను. ముఖం పొట్టు లేచిపోయి, చివరికి నీళ్ళు తగిలినా మండే స్థితి వచ్చింది.

డాక్టరమ్మ దీనికి మా ఊరి ఉపమానమే చెప్పారు. బరంపురం పట్టు ఊరు. ఇక్కడ మగ్గం మీద కూర్చునే ఇళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో. "పట్టుచీరను బట్టల సోడాలో నానబెడతారా అమ్మా?" అని అడిగారు. ఎవరు పెడతారు? పట్టుకు క్షారం పడదు, పోగు పాడవుతుంది. అందుకే మన అమ్మమ్మలు కుంకుడు రసంతో జాడించేవారు. చర్మానికీ క్షారం పడదట. చర్మం పై పొరకు కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, 7 దాటితే క్షారం, అంతకంటే తగ్గేకొద్దీ ఒక్కో అంకెకు పులుపు పది రెట్లు పెరుగుతుంది. మామూలు ఒంటి సబ్బు 9, 10 దాకా ఉంటుంది. పోనీ ఆమ్లం మంచిదే కదా అని నిమ్మరసం రాస్తే అది 2 దగ్గర ఉంటుంది, చర్మం కంటే సుమారు వెయ్యి రెట్లు పులుపు. పైగా నిమ్మరసం రాసిన చోట ఎండ తగిలితే బొబ్బలు, నల్ల మచ్చలు కూడా రావచ్చు. చర్మపు పై పొరలో కణాల మధ్య సన్నని కొవ్వు పూత ఒకటి ఉంటుంది, నీరు బయటికి పోకుండా, బయటి ఘాటు లోపలికి రాకుండా కాసేది అదే. నేను రోజూ రుద్ది రుద్ది పోగొట్టుకున్నది ఆ పూతనే.

ఇప్పుడు చెప్పబోయేది చాలా ముఖ్యం, దయచేసి శ్రద్ధగా వినండి. మా తమ్ముడి పెళ్ళి సరిహద్దు అవతల, ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో. ముఖమంతా మచ్చలతో పెళ్ళిలో ఎలా నిలబడాలని టెన్షన్. ఒక మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. రాత్రి రాసుకో, వారంలో తేడా చూడు అన్నారు. నిజంగానే తేడా కనిపించింది. పది రోజుల్లో ముఖం తేటగా, నున్నగా అయింది. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. ఇంకేం, మూడు నెలలు రాశాను. నాలుగో నెలలో ఎండలోకి వెళితే చెంపలు నిప్పంటుకున్నట్టు ఉండేవి. సన్నని ఎర్ర గీతలు, బుగ్గల మీద నూగు, ముందెన్నడూ లేనన్ని చిన్న చిన్న పొక్కులు. భయపడి ఒక్కసారిగా ఆపేశాను. నాలుగో రోజుకు ముఖం కందిపోయి వాచింది.

ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంది. వాపును అణచేస్తుంది కాబట్టి మొదట బాగున్నట్టు కనిపిస్తుంది. ముఖానికి వారాల తరబడి వాడితే చర్మాన్ని పల్చన చేస్తుంది, తానే మొటిమలు తెప్పిస్తుంది. స్టెరాయిడ్ మందే, డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తుంది. మొటిమలకు, తెల్లబడటానికి వాడేది మాత్రం కాదు. పేర్లు నెమ్మదిగా చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. బీటామెథసోన్. క్లోబెటసోల్. మొమెటసోన్. ట్యూబు మీద సన్నని అక్షరాల్లో ఈ మూడింటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించకుండా ముఖానికి రాయకండి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనే షెడ్యూల్ హెచ్‌లోకి చేర్చింది. చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు అట్టపెట్టె మీద ఎర్రటి నిలువు గీత ఉంటుంది, చదవడం రానివాళ్ళు కూడా దాన్ని గుర్తుపట్టవచ్చు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు నాలా హఠాత్తుగా మానేయకండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టరు చెబుతారు.

డాక్టరమ్మ ఒడియా ఆవిడ, నాతో తెలుగులోనే మాట్లాడారు. "ఏం రాయమంటారు?" అని నేను అడిగితే, "ముందు ఏం మానాలో చెబుతాను" అన్నారు. మొదటి మూడు నెలలు మొటిమల మందే లేదు. పొద్దున ఉత్త నీళ్ళు, సాయంత్రం ఇంటికి వచ్చాక ఒక్కసారి వాసన లేని మెత్తని ఫేస్‌వాష్. మధ్యలో చెమట పడితే నీళ్ళు చల్లుకుని తువ్వాలుతో అద్దుకోవడమే, రుద్దడం లేదు. తడి ఆరకముందే మాయిశ్చరైజర్. జిడ్డు ముఖానికి మళ్ళీ క్రీమా అని నాకూ అనుమానం వచ్చింది. ఎండిన చర్మం ఇంకా త్వరగా మండుతుంది, అందుకని కావాలట. అట్ట మీద 'నాన్ కొమెడోజెనిక్' అని ఉన్నది చూసుకోవాలి, అంటే రంధ్రాలను మూసేయని రకం. మా కోస్తా ఉక్కకు పల్చని జెల్ సరిపోతుంది. కోరాపుట్, జయపురం వైపు వింటున్నవాళ్ళకు డిసెంబరు చలిలో అది చాలదు, కాస్త చిక్కటి క్రీము కావాలి. అక్కడ వేడినీళ్ళతో ముఖం కడిగే అలవాటు కూడా తగ్గించుకోండి.

పగలు సన్‌స్క్రీన్, ఎస్పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ. ఎస్పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. మన చామనఛాయ చర్మానికి మొటిమ తగ్గినా నల్ల మచ్చ నెలల తరబడి మిగులుతుంది, ఎండ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది. గిల్లితే మరీను. జింక్ ఆక్సైడ్ ఉన్నవి సున్నితమైన చర్మానికి కాస్త నయం. రెండు వేళ్ళ పొడవునా పిండినంత తీసుకుని ముఖానికీ మెడకూ రాయాలి, చుక్క పెడితే చాలదు.

మంట పూర్తిగా తగ్గాక ఒకే ఒక్క మందు మొదలుపెట్టారు. అజెలాయిక్ యాసిడ్, 10 శాతం. గోధుమ, బార్లీ లాంటి గింజల్లో కూడా ఉండే ఆమ్లమట ఇది. మొటిమకూ మచ్చకూ రెండింటికీ పనిచేస్తుంది. మొదట్లో కొంచెం దురద పెట్టింది, అందుకని రోజు విడిచి రోజు రాశాను. అందరికీ ఇదే ఇవ్వరు. మొటిమలకు వాడే మరో పూత మందు బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతం చాలు, ఎక్కువ శాతం తీసుకుంటే ఫలితం అంతే, మంట మాత్రం ఎక్కువ. మా వదిన అది వాడి తన రంగుల సంబల్‌పురి తువ్వాలు మీద తెల్ల మరకలు చేసుకుంది, కాబట్టి దానికి తెల్ల తువ్వాలు వాడండి. అడాపలీన్ అని ఇంకో మొటిమల మందు ఉంది, అది రాత్రిపూట మాత్రమే రాయాలి, గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు అది వాడకూడదు. ఏ కొత్తదైనా ముందు చెవి వెనక నాలుగైదు రోజులు రాసి చూడండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి, మంట పుడితే ఏది కారణమో తెలియదు. ఫలితం చూడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ ఓపిక పట్టడమే అన్నిటికంటే కష్టం. మూడో వారంలో ఏడ్చిన రోజులు నాకున్నాయి.

మా అత్తయ్య మాత్రం మొదట నొచ్చుకున్నారు. ప్రతి పండక్కీ ఆవిడ స్వయంగా పెసలు, పసుపు, కచ్చూరాలు పట్టించి నలుగుపిండి చేస్తారు. "ఇదీ వద్దంటే ఎలాగే అమ్మా, మా అందరికీ పడింది కదా" అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే, మామూలు చర్మానికి అది మంచిదే. మొటిమలు లేచి ఎర్రగా ఉన్న ముఖాన్ని ఆ గరుకు పిండి గీస్తుంది, పసుపు కూడా కొందరికి పడదు. అందుకే ఇప్పుడు సంక్రాంతికి చేతులకు, వీపుకు అత్తయ్యే నలుగు పెడతారు, ముఖం వదిలేస్తారు. తలకు నూనె పెట్టే అలవాటు కూడా మార్చుకున్నాను. రాత్రంతా ఉంచితే నూనె చెమటతో కలిసి నుదుటి మీదికి దిగి అక్కడ పొక్కులు వస్తాయి. స్నానానికి గంట ముందు రాసి కడిగేస్తున్నాను, దిండు గలీబు వారానికి రెండుసార్లు మారుస్తున్నాను.

ఇప్పటికీ నెలసరి ముందు గడ్డం మీద ఒకటో రెండో లేస్తాయి. వాటిని ముట్టుకోను, వారంలో అవే పోతాయి. ముఖం కడుక్కుంటే మండటం లేదు, నాకు అదే పెద్ద సుఖం.

లోతుగా, గట్టిగా గడ్డల్లా వచ్చి గుంటలు పడుతున్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా ఇంట్లో ప్రయోగాలు చేస్తూ కూర్చోకండి. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో, దురదపెట్టే పొక్కులైతే అది ఒక రకం ఫంగస్ కావచ్చు, మా ఉక్కపోతలో అదీ వస్తుంది, దానికి మందు వేరు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉన్న కాలేజీయే అది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇంట్లో వాడుతున్న ట్యూబులు, సబ్బు రేపరు, ఖాళీ అట్టపెట్టెలతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. పేర్లు గుర్తులేక నేను మొదటిరోజు ఊరికే తిరిగి వచ్చాను.

నమస్కారం.