రాత్రంతా వాచీ చేతికే ఉంటే చార్జింగ్ ఎప్పుడు పెట్టాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

(ఆదివారం మధ్యాహ్నం వచ్చిన ప్రోగ్రామ్ ఇది. వినడం మిస్సయిన వాళ్ళు అడిగారని రికార్డింగ్ పెట్టుకుని టైప్ చేశా. యాడ్స్, పాటలు తీసేశా, మిగతాది ఎవరెలా మాట్లాడితే అలాగే ఉంచా.)

యాంకర్: నమస్కారం అండీ, భోజనాలు అయ్యాయా అందరికీ? ఈ వారం మన టాపిక్ స్మార్ట్‌వాచీ. మనతో ఉన్నారు ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లో పదహారేళ్లుగా ఫోన్లు, వాచీలు రిపేర్ చేస్తున్న అన్న. అన్నా నమస్తే.

రిపేర్ అన్న: నమస్తే అండి. ముందే ఒక మాట చెప్తున్న, నేను డాక్టర్ని కాదు, మెషిన్ సంగతి అడగండి చెప్తా, మనిషి సంగతి అడిగితే డాక్టర్ దగ్గరికి పంపిస్తా.

యాంకర్: బాగుంది. ఫస్ట్ కాలర్ మియాపూర్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (మియాపూర్): హాయ్ అన్నా, నేను పోయిన దీపావళి సేల్లో కొన్నా వాచీ, బాక్స్ మీద 7 రోజులు అని పెద్దగా రాసి ఉంది, నాకైతే రెండు రోజులు కూడా రావట్లేదు, రాత్రి 40 పర్సెంట్ ఉంది కదా అని పెట్టుకుని పడుకుంటా, పొద్దున లేచి చూస్తే నల్లగా చచ్చిపోయి ఉంటుంది. నిద్ర గ్రాఫేమో మూడున్నర దాకా గీసి అక్కడ ఆగిపోతుంది. అంటే నేను మూడున్నరకి పోయాననుకుంటుందేమో అది.

రిపేర్ అన్న: (నవ్వు) స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతనే ఉంటదా అమ్మా? ఆల్వేస్ ఆన్ అని ఉంటది సెట్టింగ్‌లో.

కాలర్: ఉంటుంది, అది లేకపోతే చేతికి నల్ల బిళ్ళ కట్టుకున్నట్టు ఉంది అన్నా.

రిపేర్ అన్న: రాత్రి రక్తంలో ఆక్సిజన్ చూసేది? ఎస్పీఓ2 అంటరు?

కాలర్: అన్నీ ఆన్ చేశా. డబ్బులు పెట్టి కొన్నాక ఆఫ్ చేసుకోవడం ఎందుకు?

రిపేర్ అన్న: అందరూ ఇదే అంటరు. చూడమ్మా, మీ ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్ ఉంటది, వాచీలో 300, మహా అయితే 400, అంటే బకెట్‌కీ టీ గ్లాసుకీ ఉన్నంత తేడా. ఆ గ్లాసుతోనే స్క్రీన్ నడవాలి, బ్లూటూత్ నడవాలి, మీరు వాచీలోనే కాల్ మాట్లాడితే స్పీకర్ నడవాలి. చీకట్లో వాచీ కొంచెం లేపి వెనక చూసిండ్రా ఎప్పుడైనా, ఆకుపచ్చ లైట్ మిణుకుమిణుకు అంటది. రక్తం పచ్చ వెలుగును పీల్చుకుంటది, గుండె కొట్టుకున్నప్పుడల్లా నరంలో రక్తం ఎక్కువ తక్కువ అయితది కదా, వెనక్కి వచ్చే వెలుగు కూడా దాంతోపాటే ఎక్కువ తక్కువ అయితది, దాన్ని లెక్కపెట్టి హార్ట్ రేట్ చెప్తది. అది మామూలే, పెద్దగా తినదు. ఆక్సిజన్‌కి ఎర్ర లైటు, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఇంకోటి వెలగాలి, రాత్రంతా అది పెట్టుకుంటే బ్యాటరీ నీళ్ళలా పోతది. అందుకే చాలా కంపెనీలు దాన్ని ఆఫ్‌లో పెట్టే ఇస్తయి.

కాలర్: మరి 7 రోజులు అని రాయడం మోసం కాదా?

రిపేర్ అన్న: 7 పక్కన చిన్న చుక్క ఉంటది, బాక్స్ తిప్పి చదవండి, రోజుకి ఇన్ని నోటిఫికేషన్లు, ఆల్వేస్ ఆన్ లేకుండా, జీపీఎస్ ఇంతసేపే అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటది. నా లెక్క ఏందంటే, 7 రోజులు అంటే రోజుకి 14 పర్సెంట్, రాత్రి ఎనిమిది గంటలకి అందులో మూడో వంతు, అంటే 5 పోవాలి. మీకు 40 పోతున్నది. స్క్రీన్ ఆల్వేస్ ఆన్ తీసేయండి, పడుకునేటప్పుడు స్లీప్ మోడ్ పెట్టండి, లేకపోతే మీరు పక్కకి తిరిగినప్పుడల్లా చెయ్యి లేచింది అనుకుని స్క్రీన్ వెలుగుతది. ఆక్సిజన్ ఒక్క వారం ఆపి చూడండి. మూడు రాత్రులు పడుకునే ముందు ఎంత, లేచినంక ఎంత అని కాగితం మీద రాసుకోండి, యాప్ వద్దు, కాగితం. అప్పటికీ 30, 40 పోతుంటే వాచ్‌ఫేస్, అంటే టైమ్ చూపించే డిజైన్, మార్చి చూడండి, బయట నుంచి దించుకున్న ఫేస్‌లు కొన్ని ఊరికే తినేస్తుంటయి. అదీ కాకపోతే బ్యాటరీనే పోయింది, వారంటీలో ఉన్నది కదా, వెళ్ళి అడగండి.

యాంకర్: అన్నా, అసలు చార్జింగ్ ఎప్పుడు పెట్టాలి? ఫోన్ అయితే రాత్రి పెడతాం.

రిపేర్ అన్న: అక్కడే అందరూ దెబ్బ తింటున్నరు. ఫోన్ రాత్రి పడుకుంటది, వాచీకి రాత్రే డ్యూటీ. స్నానానికి పోయేటప్పుడు తీసి పెట్టండి, టిఫిన్ అయ్యేదాకా ఉంచండి, ఎట్లాగూ తడి చేతికి పట్టీ బిగిస్తే దద్దుర్లు వస్తయి, సబ్బు నురుగు కింద ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. రాత్రి పడుకునేటప్పుడు 30 ఉంటే చాలు. నా సొంత లెక్క కాదిది, ఆపిల్ వాచీలో నిద్ర టైమ్ పెట్టుకుంటే ఆ టైమ్‌కి ముందు 30 కన్నా తక్కువ ఉన్నప్పుడు చార్జ్ పెట్టు అని అదే గుర్తు చేస్తది.

యాంకర్: నెక్స్ట్ తెనాలి నుంచి. హలో, మాట్లాడండి.

కాలర్ (తెనాలి): నమస్కారమమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, మొన్న వచ్చినప్పుడు వాడి పాత ఐఫోను, దాంతో పాటు కొత్త ఆపిల్ వాచీ నాకిచ్చి వెళ్ళాడు. ఇక అప్పటినుంచీ రోజూ ఫోన్ చేసి నాన్నా నీ నిద్ర డేటా రావట్లేదు, నీ నిద్ర డేటా రావట్లేదు అని ఒకటే గోల. నేను పడుకుంటున్నానురా బాబూ అంటే వినడు.

రిపేర్ అన్న: మాస్టారూ, రాత్రి వాచీ ఏం చేస్తున్నరు?

కాలర్: తొమ్మిదింటికి తీసి చార్జింగులో పెడతానయ్యా. నేను నలభై ఏళ్ళు హెచ్ఎంటీ కట్టినవాణ్ణి, పడుకునేటప్పుడు వాచీ తీసి దిండు పక్కన పెట్టడం అలవాటు. చేతికి ఉంటే జైల్లో పడుకున్నట్టు ఉంటుంది.

రిపేర్ అన్న: హెచ్ఎంటీకి కీ ఎప్పుడు ఇచ్చేవారు సార్?

కాలర్: పొద్దున్నే, పేపర్ చదివేటప్పుడు. పళ్ళచక్రం బిగుసుకునేదాకా తిప్పేవాణ్ణి, ఇంకొంచెం తిప్పితే స్ప్రింగు తెగుతుందని మా నాన్న భయపెట్టేవాడు.

రిపేర్ అన్న: ఇది కూడా అంతే సార్. ఆ పేపర్ టైమ్‌లోనే చార్జింగ్‌లో పెట్టండి. ఒక్కసారి నిండా చార్జ్ చేస్తే మామూలు ఆపిల్ వాచీకి చాలా ఏళ్ళు కంపెనీ చెప్పింది 18 గంటలే, అల్ట్రా 2 అనే మోడల్ అయితే 36. సిరీస్ 7 మోడల్ నుంచి ఫాస్ట్ చార్జింగ్ వచ్చింది, దానికిచ్చిన కేబుల్‌తో పెడితే ముప్పావు గంటలో 80 ఎక్కుతది. మీరు పేపర్ ఎంతసేపు చదువుతరు?

కాలర్: ఎడిటోరియల్‌తో కలిపి గంటన్నర.

రిపేర్ అన్న: ఇంకేం, నిండిపోతది. చాలకపోతే మధ్యాహ్నం కునుకు తీస్తరు కదా, అప్పుడు ఇంకో అరగంట పెట్టండి.

కాలర్: మధ్యాహ్నం తీసేస్తే ఆ నిద్ర రాసుకోదు కదా వాచీ?

రిపేర్ అన్న: రాసుకోదు సార్.

కాలర్: మంచిదే, అదే కావాలి నాకు. మధ్యాహ్నం పడుకుంటే రాత్రి పట్టదు నాన్నా అని వాడు అక్కణ్ణుంచి క్లాసు పీకుతుంటాడు.

(ఇక్కడ యాంకర్ నవ్వు ఆపుకోలేకపోయింది, రికార్డింగ్‌లో పావు నిమిషం అదే ఉంది.)

రిపేర్ అన్న: సార్, ఇంకొకటి, వాచీ గాజులా జారుతూ ఉంటే లైట్ సరిగ్గా పడదు, మణికట్టు ఎముకకి ఒక వేలు పైకి, బిగుతుగా కాదు, కదలకుండా ఉండాలి. మెటల్ పట్టీ ఉంటే రాత్రికి గుడ్డ పట్టీ వేసుకోండి, జైలు అనిపించదు.

యాంకర్: హనుమకొండ నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు.

కాలర్ (హనుమకొండ): అన్నా, నాకు వాచీ లేదు, మా ఆయనకున్నది. పొద్దున లేవంగనే మొఖం కూడ కడగడు, వాచీ చూస్తడు. నిద్రకి 82 స్కోర్ వస్తే ఆ దినమంత నవ్వుకుంట తిరుగుతడు, 61 వచ్చిందనుకో, రాత్రి నిద్రే పట్టలే నాకు, ఒళ్ళు నొప్పులు అంటడు. నేను పక్కనే ఉన్న కదా, గురక పెట్టుకుంట పడుకున్నడు అన్నా! డీప్ స్లీప్, గాఢ నిద్రంట, 42 నిమిషాలే అని నిన్న అన్నం కూడ సక్కగ తినలే.

రిపేర్ అన్న: అక్కా, ఆ 42 అనేది వాచీ కొట్టిన అంచనా. నిద్రలో ఏ దశ నడుస్తున్నదో తెలియాలంటే మెదడు కరెంట్ చూడాలె, ఆసుపత్రిలో స్లీప్ స్టడీ అని తలకి, కళ్ళ పక్కన, గదమకి వైర్లు అతికించి రాత్రంతా చూస్తరు. వాచీ ఉన్నది చేతికి, దానికి ముఖ్యంగా తెలిసేది రెండే, చెయ్యి కదులుతున్నదా లేదా, గుండె ఎట్ల కొట్టుకుంటున్నది. దాంతో డీప్ ఇంత, ఆర్‌ఈఎం, అంటే కలలొచ్చే నిద్ర, ఇంత అని లెక్క కడ్తది. ఎన్నింటికి పడుకున్నరు, ఎన్నింటికి లేచిండ్రు, అది బాగానే పడ్తది. కానీ కదలకుండ పడుకుని పైన ఫ్యాన్ చూసుకుంట ఆలోచిస్తుంటే నిద్రే అనుకుంటది చాలాసార్లు.

యాంకర్: స్కోర్ చూసి దిగులుపడటం చాలామందికి ఉంది కదా అన్నా?

రిపేర్ అన్న: ఉన్నది, దానికి పేరు కూడా పెట్టిండ్రు అమెరికాలో, 2017లో, ఆర్థోసోమ్నియా అని. నిద్ర లెక్క సరిగ్గా రావాలన్న రంధిలో నిద్ర పోగొట్టుకోవడం. మా షాపుకే వస్తరు, స్కోర్ తక్కువ చూపిస్తుంది, వాచీ రిపేర్ చెయ్యి అని! అక్కా, ఆ యాప్‌లో పొద్దున్నే వచ్చే నోటిఫికేషన్ ఆపేయండి, వారానికి ఒక్కసారి చూసుకొమ్మనండి. అది సరే గానీ, గురక అన్నరు, మామూలు గురకేనా?

కాలర్: మామూలుది కాదన్నా. కొడ్తడు కొడ్తడు, సడన్‌గ ఆగిపోతది, చప్పుడే ఉండదు, నేను లేసి చూస్త, మల్ల ఒక్కసారి దమ్ము తీసి ఉలిక్కిపడ్డట్టు చేస్తడు. పగలు టీవీ ముందట కూసున్నడంటే కునుకే.

రిపేర్ అన్న: ఇది నా పని కాదక్కా, డాక్టర్ దగ్గరికి తీస్కపోండి, ఆలస్యం చెయ్యకండి. స్లీప్ ఆప్నియా అని ఉంటది, ఊపిరి ఆగి ఆగి రావడం. వాచీల్లో కూడా దానికి ఫీచర్ వచ్చింది, శాంసంగ్ దానికి 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది, ఆపిల్‌ది అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చింది. కానీ అవి ఉండొచ్చు అనే అనుమానం చెప్తయి, రోగం ఉన్నదీ లేనిదీ తేల్చవు, అందులో ఏం రాలేదు కదా అని ఇంట్ల కూసోవద్దు. ఈ రాత్రి ఆయన గురక పెట్టి ఆగినప్పుడు ఫోన్‌తో ఐదు నిమిషాలు వీడియో తీయండి, డాక్టర్‌కి ఆ స్కోర్లన్నిటికన్న అదే ఎక్కువ పనికొస్తది.

కాలర్: వీడియో తీస్తే నా మీద లేస్తడు.

రిపేర్ అన్న: లేవనీయండి.

యాంకర్: టైమ్ తక్కువ ఉంది, లాస్ట్ కాల్, గాజువాక నుంచి.

కాలర్ (గాజువాక): అన్నయ్యా నమస్తే, నాది నైట్ షిఫ్టు, పొద్దున ఎనిమిదింటికి పడుకుని మధ్యాహ్నం మూడింటికి లేస్తా, వాచీ ఏమో ఆ నిద్రని లెక్కలోకే తీసుకోట్లేదు, రోజూ 0 అనే చూపిస్తంది. ఇంకోటి, ఈమధ్య స్క్రీన్ ఒక పక్క కొంచెం లేచింది, గోరు దూరుద్ది, దానికేదన్నా గమ్ము ఉందా? ఫెవిక్విక్ వేసేద్దామా అనుకుంటన్నా.

రిపేర్ అన్న: ఆగండి ఆగండి. గోరు దూరుతుందా? వాచీ ఇప్పుడు ఎక్కడుంది?

కాలర్: చేతికే ఉంది.

రిపేర్ అన్న: ముందు తీసేయండి. మాట్లాడుతూనే తీసేయండి. ఎండలో ఎక్కువసేపు ఉంచారా?

కాలర్: కారు డ్యాష్‌బోర్డ్ మీద చార్జింగ్ పెడతానన్నయ్యా, ప్లాంట్ పార్కింగ్‌లో.

రిపేర్ అన్న: మన ఎండలకి అద్దాలు మూసిన కారు, అందులో చార్జింగ్! లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంటది, అదే స్క్రీన్‌ని పైకి తోస్తున్నది. గమ్ము వేసి అదిమితే ఆ లిథియం బ్యాటరీ చిట్లి అంటుకోవచ్చు. నొక్కకండి, పిన్నుతో పొడవకండి, చార్జింగ్ అసలు పెట్టకండి. స్విచ్ ఆఫ్ చేసి మంచానికి, కర్టెన్లకి దూరంగా గచ్చు మీద పెట్టండి, రేపు సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి, చెత్త బండిలో నలిగితే అక్కడ అంటుకుంటది.

కాలర్: చార్జర్ పెద్దది వాడినందుకా అన్నయ్యా? నా ఫోన్‌ది 67 వాట్లు.

రిపేర్ అన్న: వాచీ తనకి కావాల్సినంతే లాక్కుంటది, 67 మొత్తం మింగదు. అయినా చాలా వాచీల కాగితంలో 5 వోల్టులు 1 ఆంప్ అనే రాసి ఉంటది, పాత చిన్న అడాప్టర్ ఇంట్లో ఉంటే అదే మేలు. మీకు జరిగింది మాత్రం వేడి వల్లే అని నా అనుమానం, విప్పి చూడకుండా గట్టిగా చెప్పలేను. ఇక నిద్ర సంగతి, కొన్ని వాచీలు రాత్రి నిద్రనే పెద్ద నిద్ర అని చూస్తయి, పగటిది కునుకుల లిస్టులో వేస్తయి, కొన్ని అదీ వెయ్యవు. కొత్తది కొనేటప్పుడు పగలు నిద్ర రాస్తదా అని అడిగి కొనండి, యాప్‌లో నిద్ర టైమ్ 8 నుంచి 3 అని మార్చండి. చార్జింగ్ మీరు డ్యూటీకి రెడీ అయ్యేటప్పుడు, ఇంట్లో, ఫ్యాన్ కింద.

కాలర్: సరే అన్నయ్యా. గచ్చు మీద అంటే పిల్లలు తిరుగుతారు, స్టీలు పళ్ళెంలో పెట్టి బాల్కనీలో పెట్టేదా?

రిపేర్ అన్న: ఎండ పడని బాల్కనీ అయితే పెట్టండి.

కాలర్: పడమటి వైపు అన్నయ్యా, సాయంత్రం బాగా...

రిపేర్ అన్న: వద్దు వద్దు, బాత్రూమ్ బయట గట్టు ఉంటే అక్కడ, తడి తగలకుండా, పిల్లలకి అందకుండా.

(లైన్ కట్ అయింది. యాంకర్ రెండుసార్లు హలో హలో అంది, ఈలోగా వార్తల టైమ్ అయింది, ప్రోగ్రామ్ ముగిసింది. వచ్చే ఆదివారం ఇన్వర్టర్ బ్యాటరీల గురించి అంట.)