ఒకే నెగెటివ్, రెండు స్కానర్లు: కిందటి వీడియోలో నేను చేసిన తప్పు

నమస్కారమండీ. ఈ ఫిల్మ్ స్కానర్‌ను కంపెనీ వారే పంపారు. డబ్బు తీసుకోలేదు, నెలాఖరుకు తిరిగి ఇచ్చేయాలి. పెట్టె మీది అంకెలు మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. ఒక్క అంకె మాత్రం వదలలేను: 7200 డీపీఐ, అంగుళానికి అన్ని చుక్కలన్నమాట. అంటే 35 ఎంఎం ఫ్రేమ్ ఒక్కటి సుమారు 10,200 బై 6,800 పిక్సెళ్లు. రంగుల వివరమంతా ఉండే 48 బిట్ టిఫ్ ఫైలుగా దాచుకుంటే 400 మెగాబైట్లు దాటుతుంది. లెన్సు అంత వివరం పట్టలేకపోతే డిస్కు నిండడం తప్ప లాభమేమీ లేదు.

కిందటి వీడియోలో నా పాత ఫ్లాట్‌బెడ్‌ను (గాజు మీద పరిచి స్కాన్ చేసే మామూలు స్కానర్) దీని పక్కన పెట్టి, పాతది మసక అని తీసిపారేశాను కదా. తరువాత చూస్తే దీని సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్, అంటే అంచులకు పదును పెట్టే సౌకర్యం, ముందే ఆన్ చేసి ఉంది! ఒకరిని కళ్లజోడుతో, ఇంకొకరిని కళ్లజోడు తీయించి అక్షరాలు చదివించినట్టయింది.

ఈసారి రెండింటినీ వ్యూస్కాన్ అనే ఒకే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌తో నడిపాను. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్‌ను కొడాక్ గోల్డ్ 200 కలర్ ఫిల్మ్ మీద తీసిన ఒకే నెగెటివ్. రెండింట్లోనూ 3200 డీపీఐ, 48 బిట్. షార్పెనింగ్, దుమ్ము తుడవడం, గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నని రవ్వ) తగ్గించడం, ఆటో కలర్ అన్నీ ఆపేశాను. ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుతురు పట్టాలన్న దాని దగ్గర మాత్రం ఆగాలి. రెండింట్లో ఒకే అంకె పెడితే సమానమనుకుంటాం, కానీ వాటి దీపాలు వేరు, సెన్సర్లు వేరు. అందుకే రెండు ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ నారింజ పట్టీని చూసి, అది వివరం పోయి పూర్తిగా తెల్లగా మారే అంచుకు కాస్త ముందు ఆగేలా దేనికది సరిచేశాను. నెగెటివ్‌ను పాజిటివ్‌గా మార్చడం రెండింటికీ ఒకే పద్ధతిలో, బయట చేశాను.

చూడండి. కిందటిసారి నేను మురిసిపోయిన ఆ సముద్రపు నీలం ఏమైంది? రంగులో తేడా దాదాపు మాయమైంది. అది స్కానర్ ఘనత కాదు, సాఫ్ట్‌వేర్ ఊహ. డెక్కు మీది రెయిలింగు తీగల్లో మాత్రం కొత్తది ఇప్పటికీ ముందే ఉంది. నిజాయితీగా గెలిచింది, ఒప్పుకుంటాను.

ఇక నా కోపం. ఫిల్మ్‌ను పట్టి ఉంచే ఈ చట్రం, ఈ కొత్త స్కానర్ ఫిల్మ్ హోల్డర్! మధ్యలో ఫిల్మ్ ఉబ్బుతుంది, ఫోకస్ మార్చుకునే వీలు లేదు. ఫ్రేము నడుమ పదునుగా వస్తే మూలలు అలుక్కుపోతాయి. పాత ఫ్లాట్‌బెడ్‌లో కనీసం పైన ఒక గాజు పలక పెట్టి నొక్కేవాణ్ణి.

డాబా గార్డెన్స్‌లో ఉన్న రోజుల్లో నాన్న తీసిన నలుపు తెలుపు నెగెటివ్‌లు మా ఇంట్లో చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి, విశాఖ తేమకు కొన్ని బూజు కూడా పట్టాయి. బూజు పోతుందేమోనని, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతికి అడ్డొచ్చేదాన్ని దుమ్ముగా లెక్కేసి తుడిచే ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ నొక్కాను. తెలిసి తెలిసి చేసిన తప్పు. ఈ ఫిల్ముల్లో బొమ్మే వెండి, ఆ వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది. యంత్రం బొమ్మనే దుమ్మనుకుని, అమ్మ చీర అంచును శుభ్రంగా తుడిచేసింది.

తిన్నగా ఉండే కొత్త ఫిల్మ్ మాత్రమే స్కాన్ చేసేవారు కొనుక్కోండి. నేను కొనను. దీన్ని రేపే తిరిగి పంపుతున్నాను. పెట్టెలో హోల్డర్‌ను అన్నిటికంటే పైన పెట్టాను, తెరవగానే వారికి అదే కనిపించాలని.