పాత ఆల్టోకి సెంట్రల్ లాకింగ్ కిట్: మోటార్లు ఓకే, బాక్స్‌తోనే తంటా!

నమస్తే అండీ. ఇది మా నాన్నగారి పాత ఆల్టో. నాలుగు డోర్లూ చేత్తోనే లాక్ చేయాలి. గుడికెళ్తే అక్కడ ప్రదక్షిణలు తర్వాత, ముందు కారు చుట్టూ ఒకటి! అందుకే ఈ కిట్ తెచ్చాను. నాలుగు మోటార్లు, రెండు రిమోట్లు, ఒక కంట్రోల్ బాక్స్.

మోటార్లకి వంక పెట్టను. డ్రైవర్ డోర్‌దానికి ఐదు వైర్లు, మిగతావాటికి రెండేసి. ఆ అదనపు మూడు వైర్లు లోపలి స్విచ్‌వి. డ్రైవర్ డోర్ తాళం తిప్పితే మిగతా డోర్లు కూడా పడేది వాటి వల్లే.

బాక్స్ మాత్రం నచ్చలేదు. విప్పి చూస్తే లోపల అగ్గిపెట్టెలో సగం కూడా లేని రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు). నాలుగు మోటార్లూ ఒకేసారి లాగేసరికి వెనక కుడి డోర్ సగంలో ఆగిపోతోంది. అందుకని బయట రెండు 30 ఆంపియర్ల రిలేలు పెట్టాను. ఇప్పుడు బాక్స్ పని సిగ్నల్ ఇవ్వడమే.

వైరింగ్ చూడండి. ఈ అంకెలు రిలే పిన్నుల నంబర్లు: 86, 85ల మధ్య కరెంటు వెళ్తే రిలే ఆన్ అవుతుంది; ఆఫ్‌లో 30 పిన్ను 87ఏతో కలిసుంటుంది, ఆన్ అయితే 87కి మారుతుంది. బాక్స్ నుంచి మోటార్లకి వెళ్లాల్సిన రెండు వైర్లనీ ఒక్కో రిలే 86కి ఇచ్చాను. 85లు ఎర్త్‌కి. 87లు రెండూ 20 ఆంపియర్ల ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కి, 87ఏలు బాడీ ఎర్త్‌కి. 30ల నుంచి మోటార్లకి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, డ్యాష్‌బోర్డ్ కింద కాదు.

మామూలుగా మోటారు రెండు కొసలూ ఎర్త్ మీదే ఉంటాయి కాబట్టి కదలదు. లాక్ నొక్కితే ఒక రిలే టక్కుమని ఒక కొసకి ప్లస్ ఇస్తుంది, రెండో కొస ఎర్త్ మీదే ఉంటుంది. అన్‌లాక్ నొక్కితే ఇది తారుమారవుతుంది, మోటారు వెనక్కి తిరుగుతుంది.

ఇక్కడే నా సగం రోజు పోయింది. ఐదు పిన్నుల రిలే అడిగితే షాపతను ఇచ్చాడు, నేనూ చూడకుండా తెచ్చేశాను. రిమోట్ నొక్కగానే ఫ్యూజ్ ఠప్. ఇంకోటి వేశాను, అదీ ఠప్. వైరింగ్ మూడుసార్లు చూసుకున్నాను, తప్పు లేదు. చివరికి రిలే పీకి తిరగేస్తే, మధ్య పిన్ను మీద 87ఏ లేదు, అక్కడా 87 అనే ఉంది! ఆ రకం రిలే ఆన్ అవగానే రెండు పిన్నులూ ఒకేసారి 30కి కలుస్తాయి. నేను ఒకదానికి ప్లస్, ఇంకోదానికి ఎర్త్ ఇచ్చాను కదా, డైరెక్ట్ షార్ట్. ఫ్యూజ్ లేకపోతే వైర్లు కాలేవి. కొనేటప్పుడే పిన్నుల దగ్గర అంకెలు చదవండి.

మోటార్ల కోసమైతే ఈ కిట్ కొనొచ్చు. బాక్స్ మీద ఆశ పెట్టుకోకండి, రిలేల ఖర్చు కూడా కలుపుకోండి.

ఆఁ, టెస్ట్ చేసేటప్పుడు ఒక అద్దం దించి ఉంచండి. నేను దించలేదు. తాళం, రిమోట్లు రెండూ సీటు మీదే ఉన్నాయి, డోర్లు పడిపోయాయి. స్పేర్ తాళం తెమ్మని నాన్నగారికే ఫోన్ చేశాను.