బస్సు రాని బస్ షెల్టర్ కాడ రెండు మాటలు

సర్పంచమ్మకు, వార్డు మెంబర్లకు, ఎండల నిలబడ్డ అక్కలకు, అన్నలకు దండాలు. పెద్దల పేర్లన్నీ చెప్పాలె గాని, ఆ గోడకు నల్లరాయి మీద చెక్కిచ్చిన్రు, చదువుకోండి. నన్ను రెండు మాటలు మాట్లాడుమన్నరు. రెండుతోని ఆగుతనో లేదో.

షెల్టర్ బాగుంది. నీడ ఉంది, అరుగు ఉంది. బస్సొక్కటే లేదు.

నవ్వకున్రి. ఒకప్పుడు ఉండె. ఈ తండాకు నైట్ హాల్ట్ బండి వచ్చేది, దాని మీద నాలుగేండ్లు కండక్టర్ చేసిన. రాత్రి ఎనిమిదిన్నరకు అగో, ఆ వేపచెట్టు కింద ఆపేటోళ్లం. డ్రైవరు లోపల సీట్ల మీద, నేను టాపు మీద పండేది. తెల్లారి ఐదున్నరకు ఇంజన్ చప్పుడైతే అదే మీకు కోడికూత. పాలక్యాన్లు టాపెక్కేవి. ఒక అవ్వ స్టీలు గిలాసల చాయ్ తెచ్చేది, పైసలిస్తే కోపానికొచ్చేది. "మా మనవరాలికి సీటు పట్టు కొడుకా, అంతే చాలు" అనేది.

ఆ మనవరాలి సంగతే నేను చెప్పాలనుకున్నది. మిగతాదంతా వంక.

ఏడున్నర ట్రిప్పుల యాభై మంది బడిపిల్లలు. కాలు పెట్ట జాగ ఉండకపోయేది. అందరియి పాసులే. నా తోలుసంచిల నలభై రూపాయలు. ట్రిప్పు అయిపోంగనే ఎస్సార్, అంటే ట్రిప్పు లెక్కల కాయితం, రాసేది నేనే. చూస్తే నిండు బండి, కాయితం మీద ఉత్త బండి. కిలోమీటరుకు ఎంతొచ్చింది, దాన్నే ఈపీకే అంటరు, అదొక్కటే లెక్క. ఒకనాడు ఈ రూటు నష్టమని తీసేసిన్రు. నేను రాసిన అంకెలతోనే తీసేసిన్రు. ఒక్క అబద్ధం రాయలే, అయినా నాదే తప్పనిపిస్తది. కాయితం అంచుకన్న "పిల్లలు యాభై మంది" అని రాయకపోతినని. ఆ మనవరాలు వెనుక వరుసల కూసుంది. తర్వాత ఎట్ల చదివిందో ఆమెనే అడగండి, నాకు చెప్ప ముఖం లేదు.

ఎక్కడున్న? ఆఁ, చట్టం. 1932ల నిజాం రైల్వే కింద 27 బండ్లు, 166 మందితోని మొదలైంది మన బస్సు. ఇయ్యాల 1988 మోటారు వాహనాల చట్టం ఉంది. సర్కారు బస్సు రూట్లను తన చేతికి ఎందుకు తీసుకోవచ్చో 99వ సెక్షన్ చెప్తది, అండ్ల ఒక మాట "సరిపోను" రవాణా కోసం అని. సరిపోను! లాభం కోసం అని లేదు. 72వ సెక్షన్ చూస్తే, పర్మిట్టు ఇచ్చేటప్పుడు రోజుకు కనీసం ఎన్ని ట్రిప్పులు నడపాలెనో షరతు పెట్టొచ్చు, స్టాపుల కాడ టైం పట్టిక కట్టుమనొచ్చు. ఆ పట్టిక మీరెప్పుడన్న చూసిన్రా? ఏమయ్యా, చూసిన్రా?

2018ల తండా పంచాయతీ అయింది, డప్పు కొట్టినం. బస్సు రాలే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల టికెట్ పైసలు లేవు. మంచిది. నాకైతే ఇంకో సంబురం, జీరో టికెట్ కొడితే మిషన్ల మనిషి లెక్కకొస్తది, నా పాసుపిల్లల లెక్క మాయం కాదు. గాని బస్సే రాని తండా ఆడిబిడ్డకు ఏం ఫ్రీ? ఆటోకు ముప్పై ఇచ్చి మెయిన్ రోడ్డు దాకపోతే అక్కడ మొదలైతది ఫ్రీ.

ఆటో పిలగాండ్లను తిట్టకున్రి. ముగ్గురి పర్మిట్టు మీద పన్నెండు మందిని ఎక్కిస్తున్నరు, తప్పే. ఆపుతే మీరెట్ల పోతరు? ముందుగాల బస్సు తెచ్చి తర్వాత ఆటోను ఆపాలె. ఆపుడొక్కటే చేస్తే అది రూలు కాదు, శిక్ష.

సర్పంచమ్మా, నల్లరాయి పక్కన గోడ ఖాళీగనే ఉంది. గ్రామసభ పెట్టి తీర్మానం రాయుండ్రి. పొద్దున ఏడున్నరకు పిల్లలెంతమందో, దవాఖానకు పోయే ముసలోళ్లెంతమందో పేరు పేరున రాయుండ్రి. అంకెలు నేను కూసొని రాస్త. ఈసారి అంచుకు గాదు, నడుమల రాస్త.

అగో, ఆటో హారన్ కొడుతున్నడు. దేవరకొండ పోయేటోళ్లు లేవండి, దాని తర్వాత ఇంకోటి లేదు.