మంచి మనుషులు దండయాత్రని ఎందుకు సమర్థిస్తారు?

(కాకినాడ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం)

వ్యాఖ్యాత: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన కాకినాడ మీద బాంబులు వేశాయి. అది తప్పని జపాన్‌లోని మామూలు జనానికి అనిపించలేదా మేడమ్?

చరిత్ర అధ్యాపకురాలు: ఆసియాని తెల్లవాళ్ల పాలన నుంచి విడిపిస్తున్నామని వాళ్లకి చెప్పారండి. మనం అప్పుడు తెల్లవాళ్ల కిందే ఉన్నాం కదా, అందుకే ఆ మాట అతికింది. కాస్తయినా నిజం కలవకపోతే అబద్ధం అంత దూరం పోదు.

వ్యాఖ్యాత: అంటే వాళ్లు దండయాత్రకి ఒప్పుకోలేదంటారా?

అధ్యాపకురాలు: దండెత్తుదాం రండి అని ఏ ప్రభుత్వమూ అడగదు. మన మీదకి వచ్చేస్తున్నారంటుంది. 1939 ఆగస్టు 31 రాత్రి అప్పటి జర్మనీలోని గ్లైవిట్జ్ రేడియో స్టేషన్ మీద నాజీలే దాడి చేయించి, పోలండ్ వాళ్ల మీదకి నెట్టారు. తెల్లారేసరికి పోలండ్ మీద పడ్డారు.

మాజీ సైనికుడు: నాదొక మాటండి. అబద్ధం బయటపడ్డాక కూడా జనం ఎందుకు వదలరు? తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటాం. రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కణ్ణుంచి మనవాళ్లు వెళ్లారు. కొడుకుని పోగొట్టుకున్న ఇంటికెళ్లి, ఆ యుద్ధం మనది కాదమ్మా అనగలమా? ఏ దేశంలోనైనా అంతేనండి. మొదటి శవం ఇంటికి వచ్చేదాకా వాదన నడుస్తుంది. వచ్చాక, యుద్ధం తప్పంటే మా అబ్బాయి ఊరికే పోయాడా అంటుంది తల్లి. దానికి ఎవరి దగ్గరా జవాబుండదు.

వ్యాఖ్యాత: సైనికుణ్ణి గౌరవించడం, యుద్ధాన్ని సమర్థించడం ఒకటి కాదు కదా సార్?

మాజీ సైనికుడు: కానే కాదు. కానీ కావాలనే కలిపేస్తారు. యుద్ధం ఎందుకని అడిగితే జవాన్లని అవమానించావంటారు. యూనిఫాం వేసుకున్నవాణ్ణి, నాకు ఆ మాట వింటే కడుపు మండిపోతుంది. మమ్మల్ని ఎందుకు పంపుతున్నారో అడగడమే మాకిచ్చే గౌరవం.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఒక ప్రేక్షకురాలు ఫోన్‌లో అడుగుతున్నారు. మాలాంటివాళ్లకి ముందే ఎలా తెలుస్తుందండి అని.

అధ్యాపకురాలు: కష్టమేనమ్మా. వాళ్లే ముందు కొట్టారన్నప్పుడు, బయటివాళ్లెవరైనా చూశారా అని అడగండి. తొందరపెడుతుంటే ఇంకా గట్టిగా అడగండి. 1964 ఆగస్టు 4న వియత్నాం పక్కనున్న టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద ఉత్తర వియత్నాం రెండోసారి దాడి చేసిందని అమెరికా చెప్పింది. అసలు ఆ దాడే జరగలేదని తర్వాత తేలింది. కానీ మూడు రోజుల్లోనే కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, సైన్యాన్ని దింపడానికి అధికారమిస్తూ తీర్మానం చేసేసింది. దిగువ సభలో ఒక్కరూ వద్దనలేదు, సెనేట్‌లో ఇద్దరే వద్దన్నారు.

వ్యాఖ్యాత: ఆ ఇద్దరినీ జనం గుర్తించారా?

అధ్యాపకురాలు: 1968 ఎన్నికల్లో ఇద్దరూ ఓడిపోయారండి. అప్పటికి వియత్నాంలో ఐదు లక్షలకు పైగా అమెరికా సైనికులున్నారు.