నొప్పి పెట్టే హెల్మెట్ తల మీద నిలవదు

అందరికీ నమస్కారం. పైకి వచ్చే ముందు కింద పార్కింగ్‌లో ఒక చుట్టు తిరిగి వచ్చాను. అందరి బళ్లకీ హెల్మెట్లు ఉన్నాయి, సంతోషం. కొన్ని అద్దానికి వేలాడుతున్నాయి. రెండు మూడింటికి స్ట్రాపు లోపలికి మడిచి ఉంది, బకిల్ తుప్పు పట్టింది. అవి ఎలా వాడుతున్నారో నాకు తెలుసు. మన విశాఖలో మద్దిలపాలెం సిగ్నల్ కనపడగానే తల మీదకి, దాటగానే ట్యాంకు మీదకి. నవ్వకండి, నేనూ చాలా ఏళ్లు అంతే.

నేను మెడికల్ రెప్‌ని. ఇరవై రెండేళ్లుగా గాజువాక నుంచి అనకాపల్లి, నర్సీపట్నం, ఇటు ఎస్.కోట, అరకు దాకా నా టూర్ ప్రోగ్రామంతా బండి మీదే. ఇంజనీర్ని కాను. హెల్మెట్ వల్ల బాధలు పడినవాడిగా మాట్లాడుతున్నాను.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నడిపేవాడికీ వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి. లేకపోతే 2019 సవరణ తర్వాత వెయ్యి రూపాయల ఫైను, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. ఇది మీకు తెలిసిందే. తెలిసినా ఎందుకు తీసేస్తామన్నదే నా ప్రశ్న. హెల్మెట్ సరిపోక తీసేస్తాం. బద్ధకం దాని తర్వాతి మాట.

నా కథే చెప్తాను. ఒక ఏడాదంతా సాయంత్రం అయిదయ్యేసరికి నాకు తలనొప్పి. తలనొప్పి మాత్రలు అమ్మేవాడికే తలనొప్పి! కళ్లు చూపించుకున్నాను, అద్దాల పవర్ మార్చారు. టీ మానేశాను. బీపీ చూపించుకున్నాను. ఒకరోజు ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటుంటే మా ఆవిడ అడిగింది, "నుదుటి మీద ఆ ఎర్రగీత ఏంటండీ?" అని. అద్దంలో చూసుకుంటే సరిగ్గా హెల్మెట్ అంచు దగ్గర, అడ్డబొట్టు పెట్టినట్టు ఎర్రగా ఉంది. అప్పుడు వెలిగింది.

సైజు చిన్నదేమో అనుకుని అదే కంపెనీలో పెద్దది కొన్నాను. నొప్పి తగ్గింది గానీ అది తల మీద గిన్నె బోర్లించినట్టు అటూ ఇటూ తిరిగేది. సైజొక్కటే చూస్తే చాలదని అప్పటికి నాకు తెలీదు. తలకి ఆకారం కూడా ఉంటుంది. పైనుంచి చూస్తే కొందరి తల గుండ్రం, కొందరిది ముందుకీ వెనక్కీ సాగిన కోలతల, ఎక్కువ మందిది ఈ రెండింటికీ మధ్యలో. నాది కోలతల, హెల్మెట్ గుండ్రం. అందుకే నుదుటి మీద నొక్కింది, కణతల దగ్గర ఖాళీగా ఉండేది. గుండ్రం తలవాళ్లు కోల హెల్మెట్ పెడితే దీనికి తిరగబడుతుంది, కణతలు పట్టేస్తాయి.

కాబట్టి ముందు కొలత. ఇదిగో, దర్జీ టేపు తెచ్చాను. కనుబొమలకి వేలెడు పైన మొదలుపెట్టి, చెవుల మీదుగా, తల వెనక బాగా ఉబ్బుగా ఉన్నచోట చుట్టాలి. రెండుమూడు సార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోండి. మన దగ్గర హెల్మెట్ లోపలి స్టిక్కర్ మీద సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది. 580 అంటే మీడియం, 600 అంటే లార్జ్. టేపు కొలత దుకాణంలో దేన్ని ముందు తీయాలో చెప్తుంది, అంతే. తర్వాత పని తలదే.

హెల్మెట్ పెట్టుకోగానే హాయిగా, దిండులా ఉందంటే అనుమానించండి. కొత్తది బుగ్గల్ని నొక్కాలి. మాట్లాడితే బుగ్గ లోపల పళ్లకి తగిలేంత బిగువుగా ఉన్నా పర్లేదు, కొన్ని వారాల్లో లోపలి బుగ్గ దూది అణుగుతుంది. నుదుటి మీద గానీ కణతల మీద గానీ ఒకేచోట గుచ్చుకుంటే మాత్రం అది వాడగా వాడగా తగ్గేది కాదు. స్ట్రాపు కట్టి, గడ్డం కింద రెండు వేళ్లు దూరేలా బిగించి, తల కదపకుండా ఉంచి హెల్మెట్‌ని చేత్తో తిప్పండి. బుగ్గల చర్మం దాంతో పాటు కదలాలి. తర్వాత వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి తోయండి. ఊడొచ్చిందంటే ఆ సైజు మీది కాదు.

ఆ తర్వాత దాన్ని తీయకుండా దుకాణంలోనే పదిహేను నిమిషాలు కూర్చోండి. షాపువాడు విసుక్కుంటాడు. "ఏటి సార్, ఇంటికెళ్లి చూసుకోండి" అంటాడు. ఫోను చూసుకుంటూ కూర్చోండి. తీశాక అద్దంలో నుదురు చూసుకోండి. నా ఏడాది తలనొప్పి ఆ పదిహేను నిమిషాల్లో తేలిపోయేది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు అద్దాలతో సహా కూర్చోవాలి. చెవి పైన ఆ కాడ నొక్కే నొప్పి పెట్టుకోగానే తెలీదు.

ఐఎస్‌ఐ గుర్తు చూడండి అని అందరూ చెప్తారు. స్టిక్కరు ఎవడైనా అంటిస్తాడు. గుర్తు పక్కన సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే ఆ లైసెన్సు ఏ కంపెనీదో వస్తుంది. రోడ్డు పక్క కుప్పపోసి అమ్మేవాటి మీదున్న నంబరు ఒకసారి సరదాకి యాప్‌లో కొట్టి చూడండి.

మన ఊరికి ఇంకో బాధ ఉంది, ఉక్కపోత. మేలో ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర ఇరుక్కుంటే హెల్మెట్‌లో చెమట కళ్లలోకి కారుతుంది. గాలి రంధ్రాలు ఎన్ని ఉన్నాయన్నదానికంటే లోపలి గుడ్డ మొత్తం ఊడదీసి ఉతుక్కునేలా ఉందా అన్నది నేను ముందు చూస్తాను. షాంపూ నీళ్లు చాలు. పైడొప్పని పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవొద్దు. పాలికార్బొనేట్ అనే ఆ ప్లాస్టిక్ పైకి బాగానే కనిపిస్తూ లోపల బలహీనపడుతుంది.

ఇక మీలో సగం మంది వచ్చింది హెల్మెట్‌లో బిగించే బ్లూటూత్ హెడ్‌సెట్ కోసమే కదా. వస్తున్నాను.

ముందు నా రెండో తప్పు. హెడ్‌సెట్ కొని, బిగించమని ఒక దుకాణంలో ఇచ్చాను. స్పీకరు చెవికి ఒత్తుతోందంటే, కుర్రాడు బ్లేడు తీసి, "కొంచెం చెక్కితే సరిపోద్ది సార్" అని లోపలి థర్మాకోల్ చెక్కేశాడు. నేనూ తలూపాను. దెబ్బ తగిలినప్పుడు తలకి అడ్డుపడేది పైడొప్ప అనుకుంటాం. నిజానికి ఆ థర్మాకోల్ నలిగి, దెబ్బ తీవ్రతని తనలోకి తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు, అందుకే గట్టిగా పడ్డ హెల్మెట్ మళ్లీ వాడకూడదు. అలాంటిదాన్ని చెవి పక్కన డబ్బిచ్చి పలచన చేయించుకున్నాను. ఆ హెల్మెట్‌ని పారేశాను, హెడ్‌సెట్ ధరకి అది అదనం.

అందుకని హెడ్‌సెట్ పెట్టాలనుకునేవాళ్లు హెల్మెట్ కొనేటప్పుడే బుగ్గ దూది ఊడదీసి చూడండి. చెవి దగ్గర గుండ్రటి గుంట కంపెనీయే ఇచ్చి ఉండాలి. స్పీకరు అందులో కూర్చుంటుంది. గుంట లేకపోతే నలభై నిమిషాల్లో చెవి మండిపోతుంది.

"సౌండు సరిపోవట్లేదు" అని నాకు ఫోన్లు చేస్తుంటారు. దాదాపు ప్రతిసారీ స్పీకరు చెవి రంధ్రానికి ఎదురుగా ఉండదు. వేలెడు పక్కకి జరిగినా సగం సౌండు పోతుంది. పాట పెట్టి, హెల్మెట్ పెట్టుకుని, స్పీకరు జరుపుతూ బాగా వినపడేచోట వెల్క్రో అంటించండి. చెవికి దూరంగా ఉంటే పెట్టెలో ఇచ్చిన మెత్త వెనకవైపు పెట్టి ముందుకి తీసుకురండి. ఎడమ, కుడి స్పీకర్ల వైర్ల పొడవు వేరుగా ఉంటుంది, తారుమారు చేయకండి. మైకు పెదవి మూలకి దగ్గరగా, గుర్తున్న వైపు నోటికి. ముఖమంతా కప్పే ఫుల్‌ఫేస్‌కి వైరు మైకు, గడ్డం తెరుచుకునేవాటికి కాడ మైకు. బటన్లుండే యూనిట్ ఎడమవైపు బిగించాలి, కుడిచెయ్యి యాక్సిలరేటర్ వదలకూడదు కాబట్టి. బీచ్ రోడ్డులో తిరిగేవాళ్లు ఛార్జింగ్ రంధ్రం రబ్బరు మూత ఎప్పుడూ మూసే ఉంచండి, ఉప్పుగాలి ఆ పిన్నుల్ని తినేస్తుంది.

గుంపుగా అరకు వెళ్లేవాళ్లకి ఒక మాట. బళ్ల మధ్య మాట్లాడుకునే మామూలు బ్లూటూత్ ఇంటర్‌కామ్ గొలుసులా కలుస్తుంది, మధ్య బండి వెనకపడితే గొలుసు తెగుతుంది. మెష్ అనే రకం అయితే దగ్గర్లో ఉన్న బండితో తనే కలుపుకుంటుంది. పెట్టె మీద రాసే దూరం ఖాళీ మైదానానిది. అనంతగిరి ఘాట్‌లో మలుపు తిరిగి కొండ అడ్డొస్తే ఏదైనా కాసేపు మూగదే.

నేను హెడ్‌సెట్‌ని దారి చెప్పించుకోవడానికి, వెనకున్నవాళ్లతో మాట్లాడటానికే వాడతాను. హైవేలో వందలో వెళ్తే హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెల్స్ దాటుతుంది. దాని మీద పాట వినాలంటే ఇంకా పెంచాలి, అప్పుడు వెనక లారీ హారన్ వినపడదు. మా మేనేజర్ ఫోను కూడా ఎత్తను. టార్గెట్ ఎంతయిందని ఆయన అడుగుతుంటే గుంత ఎక్కడుందో నాకు కనపడదు.

ప్రశ్నలు తర్వాత. ముందు ఆ తుప్పు బకిల్ హెల్మెట్ ఎవరిదో వాళ్లు రండి, టేపు ఇక్కడే ఉంది.